బాలింత కంచం గురించి కూడా రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

తల్లిపాల వారోత్సవాల సందర్భంగా మీ మహిళల పేజీలో వేసిన వ్యాసం చదివాను. ముర్రుపాలు పిండి పారబోయొద్దని, పుట్టిన గంటలోపే బిడ్డకు రొమ్ము పట్టించాలని, ఆరు నెలలు నిండేదాకా చుక్క నీళ్లు కూడా పట్టొద్దని రాశారు. అన్నీ అవసరమైన మాటలే. ఎన్నిసార్లు రాసినా ఎక్కువ కాదు. ఒక్క వాక్యం మాత్రం నాకు మింగుడు పడలేదు. 'తల్లి ఏం తిన్నా, ఏ పరిస్థితిలో ఉన్నా ఆమె పాలు అమృతమే' అన్నారు. మంచి ఉద్దేశంతోనే అని ఉంటారు. కానీ ఆ మాట సగమే నిజం. మిగతా సగాన్ని గాలికి వదిలేస్తే ఏమవుతుందో మా ఉత్తరాంధ్ర చరిత్రలోనే ఉంది. అది చెప్పాలనే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవమని మనవి.

నేను మందస మండలంలో ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరైనదాన్ని. మాకు ఒకపక్క సముద్రం, ఇంకోపక్క మహేంద్రగిరి కొండలు, మధ్యలో జీడితోటలు, కొబ్బరితోటలు. అందుకని మత్స్యకారుల ఇళ్లలో బాలింతల్ని చూశాను, ఉద్దానం రైతుల ఇళ్లలో చూశాను, కొండమీద సవర గిరిజనుల గూడల్లో చూశాను. జీడిపప్పు పనికి పోయే ఆడవాళ్లనైతే ప్రతిరోజూ చూశాను. బిడ్డ బరువు తూచడానికి వెళ్లేదాన్ని గానీ, నా చూపు ఎప్పుడూ వంటింట్లోకే పోయేది.

ఏ ఇంటికి వెళ్లినా వినపడే మాట ఒకటుంది. 'దీని పాలల్లో బలం నేదు నర్సమ్మా. గుంటడు ఆకలికి ఏడుత్తన్నాడు. డబ్బాపాలేవైనా రాసియ్యి' అని. ఒక అత్తగారు కోడలి చేత స్టీలు గరిటెలోకి నాలుగు చుక్కలు పిండించి, గుమ్మంలోకి తెచ్చి వెలుతురుకు పట్టి చూపించింది. 'సూడమ్మా, నీళ్లే కదేటి!' నిజమే, ఆ చుక్కలు పల్చగా, కాస్త నీలంగా ఉన్నాయి. రొమ్ము పట్టించగానే మొదట వచ్చే పాలు అలాగే ఉంటాయి. బిడ్డ తాగేకొద్దీ కొవ్వు పెరుగుతుంది, చివర్లో దిగే పాలు చిక్కగా ఉంటాయి. మొదటి నాలుగు చుక్కలు చూసి మొత్తం పాల సంగతి తేల్చేయకూడదని ఆవిడకు చెప్పాను. అప్పటికే లోపల మంచం మీద ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది. పట్టుమని ఇరవై ఏళ్లు లేవు. తన ఒంట్లోంచి వచ్చేదానికి విలువ లేదని తన ఎదుటే అనేశాక ఆ పిల్లకు పాలు ఎలా దిగుతాయి? పాలు తయారవడం వేరు, బయటికి రావడం వేరు. బయటికి రావడానికి మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదల కావాలి. నొప్పి, భయం, టెన్షన్, అవమానం దాన్ని అడ్డుకుంటాయి. ఇంట్లో పడే మాటలు కూడా బాలింతకు పెట్టే తిండి లాంటివే, అవి నేరుగా బిడ్డ నోటిదాకా పోతాయి.

పాలల్లో బలం లేదన్న మాట ఎందుకు తప్పో ముందు చెబుతాను. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీరే. మిగిలినదాంట్లో లాక్టోజ్ అనే చక్కెర 7 శాతం దాకా, కొవ్వు 4 శాతానికి కాస్త అటూ ఇటూ, ప్రొటీన్ 1 శాతం ఉంటాయి. గేదెపాలు చూసి అలవాటైన కళ్లకు ఇవి పల్చగా కనపడతాయి. కానీ దూడ పెరిగినంత వేగంగా మనిషి బిడ్డ పెరగడు, పెరగనక్కర్లేదు. తల్లి పేదదైనా, రెండుపూటలా గంజే తాగినా ఆ చక్కెర, ఆ ప్రొటీన్, పాలలోని కాల్షియం, ఇనుము, జింకు పెద్దగా మారవు. ఇది ఊరడింపు కోసం చెబుతున్నది కాదు. ఇప్పుడు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1958కి ముందు నీలగిరి కొండల్లో కూనూరులో ఉండేది. అక్కడ డాక్టర్ సి. గోపాలన్ పేద తల్లుల పాల మీద పరిశోధన చేశారు. తల్లి తిండిలో ప్రొటీన్ పెంచితే పాలు కొంత ఎక్కువ వచ్చాయి గానీ, పాలలో ప్రొటీన్ శాతం మారలేదు. తర్వాత ఆఫ్రికాలోని గాంబియాలో, కెనెబా అనే పల్లెలో, పాలిచ్చే తల్లులకు రోజూ సుమారు 700 కేలరీల తిండి అదనంగా పెట్టి చూశారు. అక్కడ పాలు పెరగనేలేదు. తల్లులు మాత్రం కోలుకున్నారు. ఒంట్లో ఓపిక వచ్చిందని వాళ్ల నోటితోనే చెప్పారు.

దీన్నిబట్టి చూస్తే బిడ్డ వాటా బిడ్డకు ముందే వెళ్లిపోతోంది. లోటు పడేది తల్లి ఒంట్లో. పాల ద్వారా రోజుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల కాల్షియం బయటికి పోతుంది. తిండిలోంచి సరిపడా అందకపోయినా పాలలో తగ్గదు, ఎముకల్లోంచి వస్తుంది. పాలిచ్చే నెలల్లో తల్లి ఎముకల సాంద్రత 3 నుంచి 5 శాతం దాకా తగ్గి, పాలు మాన్పించాక మళ్లీ పుంజుకుంటుంది. పుంజుకోవాలంటే అప్పుడైనా తినాలి కదా. రక్తం సంగతి వేరే చెప్పాలా? మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. వాళ్లు కాన్పులో ఇంకొంత రక్తం పోగొట్టుకుని పాలివ్వడం మొదలుపెడతారు. 'పాలు అమృతమే కదా, ఇంకేం' అనుకుంటే ఈ లెక్క ఎవరికీ కనపడదు.

ఇక్కడిదాకా మీ వ్యాసానికీ నాకూ పెద్ద తేడా లేదు. మిగతా సగం దగ్గరే నా అభ్యంతరం. పాలలో ఉండేవన్నీ ఇలా తల్లి ఒంట్లోంచి లాక్కుని సరిపెట్టుకునేవి కావు. బి1, బి2, బి6, బి12, ఎ విటమిన్లు, అయోడిన్, సెలీనియం, పాలలో కొవ్వు ఎంత అన్నది కాకుండా ఏ రకం కొవ్వు అన్నది, ఇవన్నీ తల్లి తిండిని బట్టి మారతాయి. ఆమె తినకపోతే పాలలో తగ్గుతాయి. ఒంట్లో నిల్వ అయిపోతే మరీ తగ్గుతాయి.

ఇది మా ప్రాంతానికి కొత్త సంగతి కాదు. ఉత్తర సర్కారు జిల్లాలకు, అంటే మా వైపు కోస్తా జిల్లాలకు, పాత వైద్య పరిశోధనల్లో ఒక పేరుంది, బెరిబెరి ప్రాంతమని. బి1 విటమిన్ లోపిస్తే వచ్చే జబ్బు అది. అప్పటికి శ్రీకాకుళం జిల్లా పుట్టలేదు. మాది విశాఖ జిల్లాలో భాగం, 1950లో విడిపోయింది. మరబట్టిన పచ్చిబియ్యం తినే ఈ కోస్తా ప్రాంతంలో బెరిబెరి పాతుకుపోయింది. దంపుడు బియ్యంలో, ఉప్పుడు బియ్యంలో నిలిచే బి1 విటమిన్ మరబట్టిన తెల్లబియ్యంలో తవుడుతోపాటు పోతుంది. పెద్దవాళ్లకు కాళ్లు తిమ్మిరెక్కడం, వాపులు, గుండె దడ వచ్చేవి. పసిపిల్లల్లో వచ్చే బెరిబెరి అంతకన్నా ఘోరం. రెండు మూడు నెలల బిడ్డ, చూడటానికి బొద్దుగానే ఉంటాడు, పాలు బాగానే తాగుతుంటాడు. ఉన్నట్టుండి పాలు వదిలేస్తాడు, ఎగశ్వాస వస్తుంది, నోరు తెరిచి ఏడుస్తాడు గానీ గొంతు రాదు. గంటల్లోనే గుండె ఆగిపోతుంది. కూనూరు పరిశోధనశాల నుంచి అక్రాయిడ్, కృష్ణన్ అనే ఇద్దరు 1941లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. మద్రాసు రాష్ట్రంలోని బెరిబెరి ప్రాంతంలో పసిపిల్లల మరణాలే దాని విషయం.

సంపాదకుల వారూ, బెరిబెరితో పోయే పసిబిడ్డ డబ్బాపాలు తాగి పోయేవాడు కాదు. తల్లిపాలు కడుపునిండా తాగుతూ పోయేవాడు. ఆ తల్లి పస్తు ఉండేదీ కాదు. రెండుపూటలా అన్నమే తినేది. ఆ అన్నంలో ఒక్క విటమిన్ లేక పాలలోనూ లేకుండా పోయేది. బి1 సమయానికి అందితే చావు అంచుల్లో ఉన్న బిడ్డ కూడా కొన్ని గంటల్లో తేరుకునేవాడు. ఇలాంటి గతం ఉన్న ప్రాంతంలో 'తల్లి ఏం తిన్నా' అన్న మాట అచ్చులో చూస్తే నాకు మనసు ఒప్పలేదు.

బెరిబెరి ఇప్పుడు అప్పటిలా లేదు. పప్పు, కూర, గుడ్డు అంతో ఇంతో కంచంలోకి వస్తున్నాయి. అలవాట్లు మాత్రం అవే. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం, నీళ్లు తేరేదాకా నాలుగుసార్లు కడగడం, ఎసరు ఎక్కువ పోసి గంజి వార్చేయడం. బి విటమిన్లు నీటిలో కరిగేవి. బియ్యంలో మిగిలిన కాస్తా కడుగుతోపాటు, గంజితోపాటు కుడితి కుండలో పడుతుంది. అటునుంచి గేదెకు పోతుంది. గంజి వార్చకుండా ఇగరబెట్టమని, వార్చినా ఆ గంజి తాగమని చెబితే ముసలమ్మలు వెంటనే ఒప్పుకునేవారు, వాళ్లకు గంజి విలువ తెలుసు. ఒప్పుకోనిది చదువుకున్న కోడళ్లే.

రేషన్ బియ్యంలో కలిపే బలవర్ధకమైన గింజల సంగతి ఇంకో బాధ. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి, బియ్యపు గింజ ఆకారంలో చేసి, వంద గింజలకు ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. కడిగేటప్పుడు అవి పైకి తేలతాయి, రంగు కూడా కాస్త తేడాగా ఉంటుంది. దాంతో 'ప్లాస్టిక్ బియ్యం' అని ఊరంతా పాకిపోయింది. ఒక ఇంట్లో అత్తాకోడళ్లిద్దరూ చేట ముందేసుకుని ఆ గింజల్ని ఒక్కొక్కటే ఏరి కోళ్లకు వేస్తుంటే చూశాను. కోడలు అప్పటికి మూడు నెలల పచ్చి బాలింత, కనురెప్ప కింద పాలిపోయి ఉంది. ఆమెకు కావలసిన ఇనుము, ఆమె పాలలోకి పోవలసిన బి12 పెరట్లో కోళ్లు తింటున్నాయి. బియ్యంలో గింజలు కలపడానికి అంత ఏర్పాటు చేసినవాళ్లు, అవి ఏమిటో ఇంటికి వచ్చి చెప్పే ఏర్పాటు చేయలేదు. మీలాంటి పత్రికలు మొదటి పేజీలో బొమ్మ వేసి చెబితే సగం అనుమానాలు పోతాయి.

బి12 అని ఊరికే అనడం లేదు. మాంసం, చేప, గుడ్డు, పాలు – వీటిలోనే ఉండే విటమిన్ అది, కూరగాయల్లో దొరకదు. ఒంట్లో నిల్వ లేని తల్లి పాలు మాత్రమే తాగే బిడ్డ మొదట బాగానే ఉంటాడు. తర్వాత నవ్వడం మానేస్తాడు, నిలబెట్టిన మెడ వాల్చేస్తాడు, వేళ్ల కణుపుల మీద చర్మం నల్లబడుతుంది, ఒక్కోసారి ఒళ్లు వణుకుతుంది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు 1962లోనే ఇలాంటి పిల్లల గురించి రాశారు. బిడ్డ బుద్ధి ఎదిగే నెలల్లో జరిగే నష్టం ఇది.

ఇలాంటప్పుడు మనం బాలింతకు పెట్టే పథ్యం ఎలా ఉంటోంది? మధ్యాహ్నం మూడు దాటాక, ఇంట్లో మగవాళ్లు, పిల్లలు, అత్తగారు తిన్నాక ఒక కంచం మంచం దగ్గరికి వచ్చేది. అందులో ఒక ముద్ద అన్నం, మీద వెల్లుల్లి కారం, ఒక చెంచాడు నూనె, పక్కన మిరియాల చారు. అంతే. ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలట. పప్పు వాతమట. గుడ్డు వేడట. పండు చలవ, బిడ్డకు జలుబు చేస్తుందట. నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట జారిపోతుందట. మే నెల ఎండలో రేకుల ఇంట్లో, చెంబెడు నీళ్లతో రోజు గడిపిన బాలింతను చూశాను. నీళ్లు ఎక్కువ తాగినంత మాత్రాన పాలు పెరగవు, నిజమే. కానీ దాహమైనప్పుడు తాగనివ్వకపోతే మలబద్ధకం, మూత్రంలో మంట, నీరసం తల్లికే. ఆ తల్లి దాహంతో ఉంటే, నీళ్లు అక్కర్లేని బిడ్డకు మాత్రం ఉగ్గుగిన్నెతో నీళ్లు పట్టేవాళ్లు. తల్లిపాలలో ఉన్న నీరు ఎంత ఎండలోనైనా ఆరు నెలల్లోపు బిడ్డకు సరిపోతుంది.

పథ్యమంటేనే నాకు కోపమని అనుకోకండి. మా వైపు బాలింతకు సొరచేప పిట్టు పెడతారు. తెలగపిండి (నూనె తీసిన నువ్వుల పిండి), మునగాకు కలిపి వండుతారు. వెల్లుల్లి, వాము, నెయ్యి, కాయం ఉంటాయి. సొరపిట్టు తింటే పాలు ఊరుతాయో లేదో గానీ, ప్రొటీనూ బి12 మాత్రం దండిగా దొరుకుతాయి. తెలగపిండిలో ప్రొటీన్ ఉంది, మునగాకులో ఎ విటమిన్ కావలసినంత ఉంది. మా పెద్దవాళ్లు పెట్టమన్నవి ఇప్పుడు వదిలేశాం, తినొద్దన్నవి మాత్రం గట్టిగా పట్టుకున్నాం. నెత్తళ్లు ఇప్పటికీ పేదవాళ్లకు అందే చేపలు. బిడ్డ మెదడుకు, కంటిచూపుకు కావలసిన డీహెచ్ఏ అనే కొవ్వు, తల్లి చేప తింటే పాలలో పెరుగుతుంది. సముద్రం ఒడ్డున ఉండి, వల ఎండబెట్టిన ఇంట్లోనే ఉండి, చేప వాసన పడదని బాలింతకు చేప మాన్పించడం నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. మా చోళ్లు (రాగులు) కూడా అంతే. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియం ఉంటుంది. చోడి అంబలి గరీబు తిండి అని పక్కనపెట్టి, హార్లిక్స్ సీసా కోసం అప్పు చేసిన ఇళ్లు చూశాను. మా మందస కోవాకు ఎంతో పేరుంది, ఆ పేరు మాకు గర్వమే. పాలు అమ్ముకుంటేనే ఇల్లు గడుస్తుందనీ తెలుసు. అయినా పాడి ఉన్న ఇంట్లో బాలింత నల్ల టీ తాగుతుంటే ఎలా ఊరుకోగలం?

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు, ఆ తర్వాతి ఆరు నెలలు 520 కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. మొదటి ఆరు నెలలు ప్రొటీన్ కూడా సుమారు 17 గ్రాములు ఎక్కువ కావాలి. వినడానికి పెద్ద లెక్క. కంచంలోకి దింపితే ఒక గుడ్డు, ఒక గ్లాసు గేదెపాలు, గుప్పెడు వేరుశనగలు, ఒక గిన్నెడు చోడి అంబలి. సుమారుగా సరిపోతుంది. ఇంత చిన్న కంచం కోసం ఇంత పెద్ద ఉత్తరం రాయాల్సి వస్తోంది.

ఇంకో సంగతి పేపర్లలో ఎప్పుడూ చూడలేదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీర గ్రామాల్లో ఆడవాళ్లు చుట్టను నిప్పు లోపలికి పెట్టి తాగే అడ్డపొగ గురించి అందరికీ తెలుసు, నోటి క్యాన్సర్ వస్తుందనీ తెలుసు. ఇప్పటి కోడళ్లలో అది చాలావరకు పోయింది, సంతోషం. కానీ ఎక్కడైనా పాలిచ్చే తల్లి పొగ తాగితే నికోటిన్ పాలలోకి వస్తుంది, పాలు తగ్గుతాయి, పాలలో అయోడిన్ కూడా తగ్గుతుంది. బిడ్డ మెదడు ఎదగడానికి అయోడిన్ కావాలి. కళ్లుప్పు చవక అని కొనేవాళ్లకు అయోడిన్ ఉప్పు వాడమని చెప్పడం ఎంత అవసరమో, బాలింత ఉన్న గదిలో చుట్ట వెలిగించొద్దని చెప్పడమూ అంతే అవసరం.

తిండి తర్వాత పని. పలాస చుట్టుపక్కల జీడిపప్పు పనికి వెళ్లే ఆడవాళ్లలో నెలల బిడ్డల తల్లులు ఎందరో. కిలోకింత అని కూలి. కూర్చున్నంతసేపే డబ్బు, లేస్తే లేదు. పిక్క కొట్టే దగ్గర జీడిసొన చేతులకు అంటి తోలు కాలిపోతుంది. చేతులకు నూనె, బూడిద పూసుకుని కూర్చుంటారు. ఒక పిల్ల అలా కూర్చుని పని చేస్తుంటే, గోడ అవతల ఎవరి బిడ్డో ఏడ్చింది. ఈమె జాకెట్టు రెండువైపులా తడిసిపోయింది. నల్లబడిన చేతులతో పైట లాక్కోవడానికి కూడా లేక, భుజాలు ముందుకు వంచి కూర్చుంది. ఇంటికి వెళ్లాక చేతులు ఎంత తోమినా సొన పోదు, ఆ చేత్తో రొమ్ము ముట్టుకుంటే బిడ్డ నోరు పొక్కుతుందని భయం. అందుకని మళ్లీ కాసేపు ఆగుతుంది. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా రొమ్ము ఖాళీ కాకపోతే పాలు తయారవడమే తగ్గిపోతుంది. పైగా రొమ్ము ఎంత నిండి గట్టిపడితే అంత పల్చటి పాలు ముందు వస్తాయి. సాయంత్రం అత్తగారు గరిటెలో చూసేది ఆ పాలనే. అప్పుడు డబ్బాపాలు మొదలవుతాయి, సగం నీళ్లు ఎక్కువ కలిపి, కడగని సీసాలో పోసి. తర్వాత విరేచనాలతో బిడ్డ పీహెచ్‌సీకి వస్తాడు. ఇది ఆ తల్లి పాలలో వచ్చిన లోపమా, ఆమె బతుకులో ఉన్న లోపమా? మీరే ఆలోచించండి.

2017లో సవరించిన, 2025 నవంబరులో సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 26 వారాలు జీతంతో సెలవు అంటుంది. 50 మంది పనిచేసే చోట పసిపిల్లల గది ఉండాలంటుంది. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండుసార్లు విరామం ఇవ్వాలంటుంది. రిజిస్టర్లో పేరు లేని, కిలో లెక్కన కూలి తీసుకునే మనిషికి ఇందులో ఏదీ చేరదు. కేంద్రం ఇచ్చే మాతృ వందన డబ్బు మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితేనే 6,000. ఆడపిల్లను కాపాడుకోవాలన్న ఆలోచన నాకు నచ్చింది. కానీ రెండో కాన్పులో మగబిడ్డ పుట్టిన కూలి తల్లికి 600 కేలరీల ఖర్చు తగ్గదు, పనికి పోవాల్సిన అవసరమూ తగ్గదు. ప్రతి కాన్పుకూ, మొదటి మూడు నెలల్లోపే, చేతికి అందేలా ఇవ్వాలి. బిడ్డ నడిచే వయసులో వచ్చే డబ్బు బాలింత తిండికి పనికిరాదు.

అంగన్‌వాడీల గురించి ఒక్క మాట. 2013 నుంచి కొన్నేళ్లు అమృత హస్తం పథకం కింద గర్భిణులు, బాలింతలు కేంద్రానికి వచ్చి గుడ్డు, పాలతో వేడిగా భోంచేసేవాళ్లు. ఇప్పుడు రోజుకో గుడ్డు, గ్లాసుడు పాలు లెక్కన సరుకులు ఇంటికి ఇస్తున్నారు. మొయ్యడం తగ్గింది, తిరగడం తగ్గింది, ఆ సౌకర్యం మంచిదే. కానీ ఇంటికొచ్చిన గుడ్లు ఆరుగురి కూరలో పడతాయి. ఆ పాలు పొద్దున్న అందరి టీలో పోతాయి. ఏ అత్తగారూ చెడ్డది కాదు. ఇంట్లో పిల్లలు చూస్తుండగా ఒక్కరికే గుడ్డు పెట్టడం ఎవరికైనా కష్టమే. కేంద్రానికి రమ్మంటే పచ్చి బాలింత గడప దాటదు. కాబట్టి కాన్పయిన మొదటి మూడు నెలలు ఆయా వండిన భోజనం ఇంటికి తెచ్చి, తిన్నాక గిన్నె పట్టుకెళ్లే పద్ధతి పెట్టాలి. ఊరికి ఒకేసారి పది మంది పచ్చి బాలింతలు ఉండరు. కొండ గూడల్లో కూడా ఇది సాధ్యమే, నడిచి చూసిన మనిషిగా చెబుతున్నాను.

కాన్పయ్యాక 180 రోజులు వేసుకోవాల్సిన ఇనుము మాత్రలు, బిడ్డకు డాక్టరు రాసే విటమిన్ డి చుక్కలు, ఇవి కూడా ఇళ్లలో సగంలోనే ఆగిపోతాయి. తల్లి ఎంత బాగా తిన్నా పాలలో విటమిన్ డి తక్కువే ఉంటుంది, అందుకే ఆ చుక్కలు. అవి ఇస్తే తల్లిపాలను తక్కువ చేసినట్టు కాదు.

తల్లిపాల గురించి ఎవరూ భయపడొద్దు, తిండి సరిగా లేని తల్లి కూడా పాలివ్వాల్సిందే. డబ్బాపాలు ఆ లోటు తీర్చవు, ఇంకో లోటు తెచ్చిపెడతాయి. ఆ మాటలో మీరూ నేనూ ఒక్కటే. నేను అడిగేది ఒక్క వాక్యం సవరణ. 'తల్లి ఏం తిన్నా' అన్నచోట 'తల్లికి ముందు పెట్టండి' అని వేయండి. వీలైతే మహిళల పేజీలో వారానికొక బాలింత కంచం వేయండి. హైదరాబాదు సూపర్ మార్కెట్ల సరుకులతో కాదు, చోళ్లు, గంటెలు (సజ్జలు), తెలగపిండి, నెత్తళ్లు, మునగాకుతో, మా సంత ధరలతో. రేషన్ బియ్యంలో తేలే గింజ ఏమిటో పెద్ద బొమ్మతో ఒకసారి అచ్చు వేయండి. ఆ కాగితం కత్తిరించి పట్టుకుని ఇంటింటికీ తిరగడానికి మా ఊరి ఆశా కార్యకర్తలు ఒప్పుకున్నారు, వాళ్లతోపాటు నేనూ వెళ్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం,
మందస మండలం, శ్రీకాకుళం జిల్లా
(నేను చెప్పిన ఇళ్లవాళ్లు నొచ్చుకోకుండా నా పేరు అచ్చు వేయవద్దని మనవి)